చెల్లెలు లేదన్న మాట

మార్చి 4

అన్నయ్యకి,

"నేనిక్కడ క్షేమం" అని ఆరేళ్ళుగా ప్రతి ఉత్తరం మొదట్లో రాస్తూ వచ్చాను. ఈసారి ఆ మాట ఆఖర్న రాస్తాను. ముందు నువ్వు మర కట్టేసి, చేతులకున్న పిండి దులుపుకుని, కుర్చీలో కూర్చుని చదువు. వదిన పక్కన ఉంటే మరీ మంచిది. నీకు ముక్కు మీద కోపం, ఆవిడ ఉంటే కాస్త దిగుతుంది.

ఫోన్ చేసి చెప్పచ్చు. కాని ముప్పై ఏళ్ళు పిండిమర పక్కన నిలబడి చెవులు పాడు చేసుకున్నవాడితో ఇలాంటివి బూత్‌లో నిలబడి అరవటం నా వల్ల కాదు. వెనక పదిమంది వరసలో ఉంటారు.

నేను ఆ ఇంట్లో పని చెయ్యటం లేదు. పిల్లల్ని చూసుకుంటున్నానని, అమ్మగారు దేవత లాంటిదని, సెలవు మాత్రం ఇవ్వట్లేదని రాసినవన్నీ అబద్ధాలు. మొదటి ఏడాదే అక్కణ్ణుంచి వచ్చేశాను. జీతం అడిగితే బయటినుంచి తాళం వేసేవాళ్ళు. ఒకరోజు పొద్దున చెత్త పారబొయ్యటానికి బయటికొచ్చి, బుట్ట గోడ పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా నడిచాను. నా పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలోనే ఉండిపోయింది. అప్పట్నుంచి నా చేతిలో ఏ కాగితమూ లేదు. ఈ దేశం లెక్కలో నేను ఇక్కడ ఉండకూడని మనిషిని.

ఇప్పుడొక పెద్ద హోటల్లో, నేల కింది గదిలో, దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. మంచమంత యంత్రం, వేడి రోలర్లు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని లోపలికి అందిస్తాం, అవతల ఇంకో ఇద్దరు అందుకుని మడత పెడతారు. నాకు ఎత్తు చాలదని ఒక చెక్కపెట్టె మీద నిలబెట్టారు. నవ్వుకో, ఫరవాలేదు. ఆరుగురం ఆడవాళ్ళం ఒక గదిలో ఉంటాం. వీధిలో పోలీసు కనిపిస్తే పక్క సందులోకి తిరగటం మా అందరికీ నడకలో భాగం అయిపోయింది.

నీ పెద్దకూతురి పెళ్ళికి ఎందుకు రాలేదో ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది. విమానం ఎక్కబోతే జైల్లో పెడతారు. ఆ రోజంతా దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ, ఇప్పుడు ముహూర్తం, ఇప్పుడు భోజనాలు అనుకుంటూ గడిపాను.

ఇక శుభవార్త. మన ప్రభుత్వం, ఇక్కడి ప్రభుత్వం మాట్లాడుకుని మాలాంటివాళ్ళకి క్షమాభిక్ష ప్రకటించారు. మే 31 దాకా గడువు. ఆలోపు కాగితాలు సిద్ధమైతే జైలు లేకుండా ఇంటికి పంపిస్తారు. నేను పేరు రాయించుకున్నాను.

నేను క్షేమం. ఈ ఒక్కటీ ఎప్పుడూ అబద్ధం కాదు.

నీ పిడుగు

మార్చి 19

ఒసే పిడుగూ,

నువ్వు చెప్పినట్టే మర కట్టేసి చదివాను. డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు నన్ను నానా మాటలూ అన్నారట. నాకు ఎలాగూ వినబడదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

మొత్తం చదివి మళ్ళీ మొదటికొచ్చాను. మీ వదిన పైకి చదవమంది. సగం దాకా చదివాను, మిగతాది ఆవిడే చదువుకుంది.

ఒక సంగతి దాచకుండా చెప్పు. ఏం చేశావు? క్షమాభిక్ష అన్న మాట నాకు పేపర్లో తప్ప ఎక్కడా కనపడలేదు. ఉరిశిక్ష పడ్డవాడు పెట్టుకుంటాడు దాన్ని. ఎవర్నైనా కొట్టావా? నీ చెయ్యి దురుసు. నా ముందు పన్ను విరగ్గొట్టినప్పుడు నీకు ఆరేళ్ళు.

ఏమీ చెయ్యకపోతే మరి నిన్ను క్షమించటానికి వాళ్ళెవరు? జీతం ఎగ్గొట్టింది వాళ్ళు. తాళం వేసింది వాళ్ళు. పాస్‌పోర్టు బీరువాలో దాచుకుందీ వాళ్ళే. చివరికి క్షమించేది కూడా వాళ్ళేనా? పైగా భిక్షట. మీ ఆయన పోయినప్పుడు నా ఇంట్లో ఉండమంటే, అన్నయ్య మీద కూడా ఆధారపడనని నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డ మనిషివి. అలాంటిదానివి ఇప్పుడు ఊరుకాని ఊళ్ళో భిక్ష అడుగుతావా? దర్జాగా రా, లేదా నేనే వచ్చి తీసుకొస్తాను. నాకు పాస్‌పోర్టు లేదనుకో, అది వేరే సంగతి.

పెళ్ళికి రాలేదని నీకు పదకొండు నెలలు ఉత్తరం రాయలేదు. బంధువులు అడిగితే, "ఆవిడ పెద్దదైపోయింది, మనం ఆనుతామా" అన్నాను. నువ్వు ఆ రోజు దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ ముహూర్తం లెక్కపెట్టావని తెలియక అన్నాను. చెప్పద్దూ మరి? నేనేం తిట్టేవాణ్ణా? తిట్టేవాణ్ణే. తిట్టి, తర్వాత ఏదో ఒకటి చేసేవాణ్ణి.

ఒంట్లో జాగ్రత్త. ఆ చెక్కపెట్టె మీద నుంచి పడిపోకు.

నీ అన్నయ్య

ఏప్రిల్ 2

అన్నయ్యకి,

నీ ఉత్తరం గదిలో ఆరుగురికీ చదివి వినిపించాను. పన్ను సంగతి దగ్గర పడీ పడీ నవ్వారు. నేనెవర్నీ కొట్టలేదు, నమ్ము.

ఆ మాట నేను పెట్టింది కాదు. ఫారం మీద అచ్చు వేసి ఉంది, మన పేపర్లవాళ్ళూ అదే రాస్తున్నారు. కాగితాల్లేకుండా ఉండటమే ఇక్కడ నేరం, దాన్ని వదిలేస్తామని చెప్పటం అంతే. నాకూ మొదట ఎబ్బెట్టుగానే ఉంది. కాని ఆ మాట వెనక ఎంత తతంగం నడిచిందో తెలిశాక ఎబ్బెట్టు పోయింది.

మన ఎంబసీవాళ్ళు ఎనిమిది నెలలు తిరిగారట. పాస్‌పోర్టు చూపించినవాళ్ళనే పంపుతామని ఇక్కడి ప్రభుత్వం, పాస్‌పోర్టులు యజమానుల దగ్గరుంటే పనివాళ్ళెక్కణ్ణుంచి తెస్తారని మనవాళ్ళు. మన రాయబారిగారే అయిదుసార్లు వెళ్ళి కూర్చున్నారట. చివరికి వేలిముద్రలు చాలని, మనిషి ఫలానా అని సొంత ఊళ్ళో ఇంటివాళ్ళు చెప్పాలని కుదిరింది. ఇంకో షరతు కూడా మనవాళ్ళు రాయించారు. పేరు రాయించుకోవటానికి వెళ్ళే దారిలో పోలీసులు మమ్మల్ని పట్టుకోకూడదు. అందుకని ఒక పచ్చ చీటీ ఇచ్చారు. ఆ చీటీ చేతిలో పట్టుకుని, ఆరేళ్ళలో మొదటిసారి, పెద్ద రోడ్డు మీద మధ్యగా నడిచాను. ఒక పోలీసు ఎదురొచ్చాడు. చీటీ చూపించాను. అతను దారి ఇచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

సెలవురోజున ఒక స్కూలు ఆవరణలో బల్లలు వేశారు. మా వరస చూసే ఆయన్ని కళ్ళజోడు సారు అంటాం. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, దాన్నే ఫైళ్ళ మధ్య వెతుక్కుంటారు. పొద్దున్న కూర్చున్న మనిషి సాయంత్రం దాకా లేవలేదు. ఒక్కొక్కరినీ "ఇంట్లో ఎవరున్నారమ్మా" అని అడిగారు. అన్నయ్య ఉన్నాడని నీ పేరు, మర చిరునామా ఇచ్చాను.

అందువల్ల మీ ఊరి స్టేషన్ నుంచి ఎవరో విచారణకి వస్తారు. "ఈవిడ మీ చెల్లెలేనా" అని అడుగుతారు. నువ్వు చెయ్యవలసిందల్లా అవును అనటం. ఒక్క మాట చాలు. కోపం, పౌరుషం ఆ రోజుకి మర పక్కన డబ్బాలో పెట్టు.

నీ పిడుగు

ఏప్రిల్ 8

ఒసే పిడుగూ,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను, ఎందుకంటే నిన్న నీ పరువు నిలబెట్టాను.

మర జోరుగా నడుస్తోంది. ఒక కానిస్టేబులు వచ్చాడు. చొక్కాకి పిండి అంటుకుంటుందని గుమ్మం దగ్గరే నిలబడి అడుగుతున్నాడు. నాకు రెండే ముక్కలు వినబడ్డాయి, ఒకటి చెల్లెలు, రెండోది క్షమాభిక్ష. చాలవా? ఒళ్ళు మండిపోయింది. "క్షమాభిక్ష అడుక్కునే చెల్లెలు నాకు లేదు, వెళ్ళి మీవాళ్ళకి చెప్పండి" అన్నాను. అతనికి అర్థం కాలేదో ఏమో మళ్ళీ అడిగాడు. "లేదంటే లేదు" అన్నాను. వరసలో ఉన్నవాళ్ళందరూ నావంక చూశారు. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది. ఆవిడకి విషయం తెలియదు, అయినా కొట్టింది.

అతను ఏదో రాసుకుని సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. చేతినిండా పిండి, కళ్ళజోడు ఇంట్లో, ఏం రాశాడో చదవలేదు. మీ వదిన నిన్న సాయంత్రం నుంచి దాని మీదే సాధిస్తోంది. "చదవకుండా సంతకం పెట్టే మనిషికి ఇంత పౌరుషమెందుకు" అంటుంది. ఆడవాళ్ళకి అనుమానం ఎక్కువ.

ఇప్పుడు నువ్వు దర్జాగా చెప్పచ్చు. మా అన్నయ్య మీ భిక్ష వద్దన్నాడు, మర్యాదగా పంపండి అని.

పెద్దది కడుపుతో ఉంది. ఈ మాట ముందు రాయాల్సింది, ఆవేశంలో వెనక్కి పోయింది. మేనత్త ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది.

నీ అన్నయ్య

ఏప్రిల్ 21

అన్నయ్యకి నమస్కారం.

ఎలా మొదలుపెట్టాలో తెలియటం లేదు. నిన్న కళ్ళజోడు సారు కబురు చేశారు. కాగితం వచ్చిందేమోనని పనికి సెలవు పెట్టి పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి దించుకున్నారు. తర్వాత ఫైలు నా వైపు తిప్పారు.

"సదరు వ్యక్తి తనకు చెల్లెలు లేదని చెప్పినాడు. రెండవసారి అడుగగా లేదనియే గట్టిగా చెప్పి సంతకము చేసినాడు."

కింద నీ సంతకం. ఆఖరి అక్షరం కింద నువ్వు లాగే గీత నాకు తెలియదా? దాని మీద కాస్త పిండి కూడా ఉంది. వేలితో తుడిచాను.

నీకు కోపం రావటం న్యాయమే. అయిదేళ్ళు అబద్ధాలు రాశాను. ఇంటి ఆడపడుచుని అయ్యుండి పెళ్ళికి రాలేదు. నలుగురిలో నువ్వు తలెత్తుకోలేకపోయి ఉంటావు. ఏమన్నా పడతాను. కాని ఈ మాట మాత్రం నువ్వు అంటావనుకోలేదు. నేను లేనిదాన్నని ఈ దేశం ఎప్పట్నుంచో అంటోంది, అలవాటైపోయింది. అక్కడ నువ్వూ అన్నాక ఇంక నేను ఎక్కడున్నట్టు?

బూత్ దాకా వెళ్ళాను. నువ్వు ఎత్తితే వినబడదు, వదిన ఎత్తితే నాకు మాట రాదు. కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాను.

కళ్ళజోడు సారు ఫైలు ముయ్యలేదు. రూలు ప్రకారం మూసెయ్యాలట. "మీ అన్నగారి మనసు మారుతుందేమో, గడువు ఆఖరు రోజు దాకా దీన్ని నా బల్ల మీదే ఉంచుతాను" అన్నారు. మే 31 దాటితే ఆయన చేతుల్లో కూడా ఉండదు. ఇక్కడివాళ్ళు పట్టుకోవటం మొదలుపెడతారు.

నిన్ను ఏమీ అడగటం లేదు. వదినకి, పెద్దదానికి నా ఆశీస్సులు. నీ చెవులకి డాక్టరు చుక్కలు వాడమన్నాడని వదిన ఒకసారి రాసింది. వాడు.

చెల్లెలు

మే 9

ఒసే పిచ్చిదానా,

చెల్లెలు అని సంతకం పెడతావా? పిడుగు ఏమైంది?

నేను చెల్లెలు లేదనలేదే. "క్షమాభిక్ష అడుక్కునే చెల్లెలు లేదు" అన్నాను. అంటే ఏమిటి? నా చెల్లెలు అలాంటిది కాదని. మనింట్లో అందరం అలాగే మాట్లాడతాం. నాన్న నన్ను రోజుకి మూడుసార్లు "నువ్వు నా కొడుకువే కాదు" అనేవాడు, అన్నం మాత్రం ముందు నాకే పెట్టించేవాడు. ఆ కానిస్టేబులు ముందు ముక్క వదిలేసి వెనక ముక్క రాసుకుంటే నేనేం చెయ్యను? ఏప్రిల్‌లో నీకు ఇదంతా గొప్పగా రాశాను, ఆ ఉత్తరం అందలేదా?

మీ వదిన వెంటనే నీ ఉత్తరాలు తీసుకునే ఆ కిరాణా కొట్టుకి ఫోన్ చేసింది. వాళ్ళ భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష వాళ్ళకి రాదు. రెండు నిమిషాలు ఒకరినొకరు పలకరించుకుని పెట్టేశారు.

నువ్వేమీ బెంగపడకు. స్టేషన్‌కి వెళ్ళి ఎస్సైని నిలదీసి అడిగాను. మీవాళ్ళకి మన భాష రాదా, మాటలో సగం రాసుకోవటమేమిటి అని గట్టిగా కడిగేశాను. నాతో పెట్టుకుంటే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. మారు మాట్లాడకుండా కొత్త రిపోర్టు రాసి, ప్రభుత్వ టపా సంచీలో ఎంబసీకి పంపించాడు. నా ఉత్తరం కంటే అదే ముందు చేరుతుందట. అంతా ఒక్క పూటలో అయిపోయింది.

పెద్దదానికి ఏడో నెల. నువ్వు రావాలి. అంతకంటే చెప్పేదేమీ లేదు.

చెవిలో చుక్కలు వేసుకుంటున్నాను.

నీ అన్నయ్య. చెల్లెలు ఉన్న అన్నయ్య.

మే 27

అన్నయ్యకి,

నీ ఏప్రిల్ ఉత్తరం, మే ఉత్తరం రెండూ నిన్న ఒకేసారి అందాయి. కిరాణా కొట్టాయన మొదటిదాన్ని బస్తాల వెనక పడేసి మర్చిపోయాడట. "నీ పరువు నిలబెట్టాను" అన్నచోట నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. గదిలోవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు.

నా కాగితం వచ్చింది. తెల్లటిది, ఒక్కటే పేజీ, ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది. ఎల్లుండి విమానం. ఈ సంగతి పొద్దున్న వదినకి ఫోన్ చేసి చెప్పాను, కాబట్టి ఇది చదివేసరికి నీకు పాతబడిపోయి ఉంటుంది. అయినా ఇంకో సంగతి ఉంది. అది ఎదురుగా చెప్పలేను. నువ్వు చెప్పనివ్వవు.

కాగితం ఇస్తూ కళ్ళజోడు సారు ఫైలు చదువుకొమ్మన్నారు. కొత్త రిపోర్టు ఉంది. "సదరు వ్యక్తి నాలుగు దినములు వరుసగా ఉదయము నుండి సాయంత్రము వరకు స్టేషనునందు హాజరుగా ఉండి" అని మొదలవుతుంది. నాలుగు రోజులు మర మూసేశావన్న మాట. నాకు జ్ఞానం వచ్చినప్పట్నుంచి నువ్వు మర ఒక్క రోజు మూసినట్టు గుర్తు లేదు.

దానికి జతచేసి నీ చేత్తో రాసిన అర్జీ ఉంది. మొదట ఇచ్చిన వాంగ్మూలం తప్పని ఒప్పుకుంటే గాని కొత్తది రాసేది లేదన్నారట. అందులో నువ్వు రాసింది ఇది.

"అయ్యా, నాకు ఒక్కతే చెల్లెలు. లేదని నోరు జారాను. సంతకము కూడా చేశాను. తప్పుడు వాంగ్మూలము ఇచ్చినందుకు తాము ఏ శిక్ష వేసినా అనుభవిస్తాను. ఆమె ఏ తప్పు చెయ్యలేదు. తప్పు నాది. నన్ను క్షమించవలెనని వేడుకొంటున్నాను. నా చెల్లెలు ఇంటికి వచ్చుట తాము నాకు పెట్టు భిక్షగా భావిస్తాను."

భిక్ష అన్న మాట ఒకసారి రాసి కొట్టేశావు. మళ్ళీ పక్కన రాశావు.

కళ్ళజోడు సారు, "మీ అన్నగారు చాలా మెత్తటి మనిషిలా ఉన్నారమ్మా" అన్నారు. అవునండీ అన్నాను. ఆయన నిన్ను ఎప్పుడూ చూడలేదు కదా.

నువ్వు ఎస్సైని నిలదీశానని రాశావు. నిలదీశావు. కడిగేశావు. ఒక్క పూటలో అయిపోయింది. వదిన అడిగినా, పెద్దది అడిగినా నేను అదే చెబుతాను, ఎస్సై గడగడలాడిపోయాడని కూడా నా వంతుగా ఒక ముక్క కలుపుతాను.

నువ్వు ఆ మాట అడగగలవని నాకు తెలియదు, అన్నయ్యా. కాగితం తీసుకునేముందు నేనూ ఆ క్షమాభిక్ష ఫారం మీద ఆఖరి సంతకం పెట్టాను. నాకు మాత్రం సిగ్గనిపించలేదు, ఎందుకంటే నాకంటే ముందు నువ్వు పెట్టావు.

ఈ ఉత్తరం నాకంటే పది పన్నెండు రోజులు వెనక చేరుతుంది. పోస్టుమాన్ వచ్చే వేళకి నేను గుమ్మంలో ఉండను. నువ్వే తీసుకుని, నువ్వే చదువుకో. చదివాక ఏమైనా అనాలనిపిస్తే జవాబు రాయక్కర్లేదు. పిలువు, పక్క గదిలోనే ఉంటాను.

నీ పిడుగు